జాబితాలోని పేర్లు, విసరగల చేతులు



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి చదవడానికి వచ్చిన మీకు ఈ పర్యాయం బేస్‌బాల్ ఎదురుపడటం కొంత వింతగా తోచవచ్చు. పదవీ విరమణానంతరం ఏటా కొన్ని నెలలు దక్షిణ కాలిఫోర్నియాలో పిల్లల వద్ద గడుపుతున్న నేను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుకు అభిమానినయ్యాను. అభిమానికి తన జట్టు కూర్పు గురించి అభిప్రాయాలుండటం సహజం. నాకు ఉన్న అభిప్రాయాలలో అధికభాగం వైద్యానికి సంబంధించినవే. అందువల్ల వాటిని ఈ పుటలో వ్రాయడం అసందర్భం కాదని భావిస్తున్నాను.

ఈ జట్టు వరుసగా రెండేళ్లు ప్రపంచ విజేతగా నిలిచింది. 2024లో న్యూయార్క్ యాంకీస్‌ను, 2025లో టొరాంటో బ్లూ జేస్‌ను ఓడించింది. గెలిచిన జట్టులో తప్పులెన్నడమేమిటని మీరు అడగవచ్చు. నిజానికి గెలిచిన తరువాతనే లోపాలను నిదానంగా పరిశీలించగలం. ఓడినప్పుడు కోపం ఆ పని చేయనివ్వదు. నా అభిప్రాయం క్లుప్తంగా ఇది: జట్టు బలం జాబితాలో ఎన్ని గొప్ప పేర్లున్నాయన్న దానిపై కాక, అక్టోబరు నాటికి ఎన్ని చేతులు నొప్పి లేకుండా బంతి విసరగలవన్న దానిపై ఆధారపడి ఉంటుంది. డాడ్జర్స్ యాజమాన్యం ఈ సంగతిని సగం గ్రహించింది. మిగిలిన సగాన్ని డబ్బుతో కప్పిపుచ్చుతోంది.

ఆట తెలియనివారికి నాలుగు మాటలు

క్రికెట్‌లో బౌలరు ఎటువంటివాడో బేస్‌బాల్‌లో పిచ్చర్ అటువంటివాడు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతిని నేలకు తగలకుండా బ్యాటరుకు విసురుతాడు. మన బౌలరు చేతిని చాచి తిప్పాలి. మోచేయి వంచి విసిరితే నోబాల్ అవుతుంది. పిచ్చర్‌కు ఆ నిషేధం లేదు. మోచేతిని వంచి, కొరడా ఝళిపించినట్లు విసరడమే అతని విద్య. మన ఫాస్ట్ బౌలర్లకు నడుము దెబ్బతిన్నట్లు ఇక్కడి పిచ్చర్లకు మోచేయి, భుజం దెబ్బతినడానికి మూలం ఇదే.

మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్సులు. ఆటను ఆరంభించే పిచ్చర్‌ను స్టార్టర్ అంటారు. అతడు ఐదారు ఇన్నింగ్సులలో సుమారు 90 బంతులు వేసి తప్పుకుంటాడు. మిగిలిన ఆటను రిలీవర్లు పూర్తిచేస్తారు. స్టార్టర్ మళ్లీ బంతి పట్టాలంటే నాలుగైదు రోజుల విశ్రాంతి కావాలి. ఏడాదికి 162 మ్యాచ్‌లు. జట్టులో ఒకేసారి 26 మంది ఉండవచ్చు. వారిలో పిచ్చర్లు 13 మందికి మించరాదు. గాయపడినవారిని వేరొక జాబితాలోకి మార్చి వారి స్థానంలో మరొకరిని తీసుకుంటారు. పిచ్చర్ ఆ జాబితాలోకి వెళితే కనీసం 15 రోజులు ఆటకు దూరం. విశేషమేమంటే, ఈ రోజుల్లో ఆ గాయాల జాబితాయే రెండవ జట్టులా తయారయింది.

లెక్కలు చెప్పే నిజం

2025 అక్టోబరులో డాడ్జర్స్ నలుగురు స్టార్టర్లతో పోటీలకు దిగింది: బ్లేక్ స్నెల్, యోషినొబు యమమోతో, టైలర్ గ్లాస్‌నౌ, షోహెయ్ ఓతాని. వీరిని చూచి ఇంత గొప్ప చతుష్టయం మరొక జట్టుకు లేదని వ్యాఖ్యాతలు ప్రశంసించారు. ఆ మాట నిజమే. అయితే 162 మ్యాచ్‌ల సాధారణ సీజన్‌లో ఈ నలుగురూ వేసిన ఇన్నింగ్సులను చూడండి. స్నెల్ సుమారు 61, గ్లాస్‌నౌ సుమారు 90, ఓతాని 47. ముగ్గురివీ కలిపితే 199 లోపే. యమమోతో ఒక్కడే దాదాపు 174 ఇన్నింగ్సులు వేశాడు.

స్నెల్ భుజపు వాపుతో ఏప్రిల్ ఆరంభం నుంచి ఆగస్టు వరకు కూర్చున్నాడు. గ్లాస్‌నౌ కూడా భుజపు వాపుతోనే ఏప్రిల్ నుంచి జూలై వరకు ఆడలేదు. ఓతాని మోచేతి శస్త్రచికిత్స తరువాత జూన్ మధ్యలో గాని మళ్లీ పిచ్చర్‌గా బంతి పట్టలేదు. మరి ఆ నెలలన్నీ జట్టు భారాన్ని మోసినవారెవరు? వారిలో ఒకడు 37 ఏళ్ల క్లేటన్ కెర్షా. మోకాలికి, కాలి వ్రేలికి శస్త్రచికిత్సలు జరిగిన మరుసటి ఏడాది అతడు సుమారు 113 ఇన్నింగ్సులు వేసి, 11 విజయాలు సాధించి, రెండింటిలో మాత్రమే ఓడాడు. అతని వేగవంతమైన బంతి సగటున గంటకు 90 మైళ్లకు లోపే. అత్యధిక వేతనం పొందే చేతులు విశ్రాంతిలో ఉండగా, వేగం తగ్గిన వృద్ధసింహం బరువులాగింది. ఈ ఒక్క సంగతి జట్టు నిర్మాతలను ఆలోచింపజేయాలి.

మోచేతిలో జరిగేదేమిటి?

అరచేయి పైకి ఉండేలా చేతిని ముందుకు చాచండి. మోచేతికి శరీరం వైపున, దండచేతి ఎముకను ముంజేతి ఎముకతో కలిపి ఉంచే చిన్న పట్టీ వంటి సంధిబంధనం ఉంది. పిచ్చర్ చేయి వెనుకకు పూర్తిగా వాలి ముందుకు దూసుకువచ్చే క్షణంలో మోచేయి బయటకు తెరుచుకోబోతుంది. దానిని తెరుచుకోనివ్వకుండా పట్టి ఉంచడంలో ప్రధాన పాత్ర ఈ బంధనానిదే. పూర్తి బలంతో విసిరే ప్రతి బంతికీ దానిపై పడే లాగుడు, అది ఒంటరిగా ఓర్చుకోగల హద్దుకు చేరువలో ఉంటుందని ప్రయోగశాలల కొలతలు చెబుతున్నాయి. ముంజేతి కండరాలు కొంత భారాన్ని పంచుకోవడం వల్లనే అది తెగకుండా నిలుస్తోంది. కండరాలు అలసినప్పుడు ఆ వాటా కూడా బంధనం మీదనే పడుతుంది.

ఇక్కడ ఒక శరీరధర్మాన్ని గుర్తుంచుకోవాలి. వ్యాయామంతో కండరం త్వరగా బలపడుతుంది. సంధిబంధనం ఆ వేగంతో బలపడదు. దానికి రక్తప్రసరణ తక్కువ కనుక దెబ్బతింటే మానడం కూడా ఆలస్యమే. యువకుడు వ్యాయామశాలలో భుజాలను పెంచి మరింత వేగంగా విసరగలుగుతాడు. ఆ వేగాన్ని ఆపవలసిన పట్టీ మాత్రం పాతదే. లారీ ఇంజను మార్చి, బ్రేకులు మార్చకపోవడం వంటిది ఇది.

ఈ బంధనం తెగితే ఒకప్పుడు ఆట ముగిసినట్లే. డాడ్జర్స్ చరిత్రలోనే అందుకు మార్పు వచ్చింది. 1974 జూలై 17న ఎడమచేతి పిచ్చర్ టామీ జాన్ మోచేతి బంధనం తెగింది. అప్పటికి ఆ ఏడాది అతడు 13 మ్యాచ్‌లు గెలిచి మూడే ఓడాడు. సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్, అతని కుడి ముంజేతి నుంచి పాల్మారిస్ లాంగస్ అనే స్నాయువును తీసి, ఎడమ మోచేతి ఎముకలలో రంధ్రాలు చేసి, వాటి గుండా దారంలా ఎక్కించి కొత్త బంధనాన్ని ఏర్పరచారు. అంతకు ముందు ఆటగాడి మోచేతికి ఎవరూ చేయని శస్త్రచికిత్స అది. 1975 అంతా విశ్రాంతి తీసుకున్న టామీ జాన్ 1976లో తిరిగి వచ్చాడు, 1977లో 20 మ్యాచ్‌లు గెలిచాడు, 46వ ఏట 1989లో గాని ఆట విడువలేదు. అతని 288 విజయాలలో 164 శస్త్రచికిత్స తరువాతవే. ఆ చికిత్సకు ఇప్పటికీ అతని పేరే.

మీకు కుతూహలముంటే బొటనవ్రేలిని చిటికెనవ్రేలికి ఆనించి మణికట్టును కొద్దిగా లోపలికి వంచి చూడండి. మణికట్టు మధ్యలో నిక్కి కనబడే తాడే ఆ స్నాయువు. కొందరికి పుట్టుకతోనే ఉండదు. లేదని భయపడనవసరం లేదు, చేతి పనికి లోటేమీ రాదు. అందువల్లనే వైద్యులు దానిని నిస్సంకోచంగా తీసి వాడుకుంటారు.

వైద్యుడిగా ఈ చికిత్స పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. అభిమానిగా నా ఫిర్యాదు వేరు. మంచి చికిత్స దొరికిన తరువాత జబ్బు పట్ల భయం పోయింది. బంధనం తెగితే కొత్తది వేయించుకోవచ్చునన్న ధీమాతో జట్లు, శిక్షకులు, చివరకు కొందరు తల్లిదండ్రులు కూడా వేగాన్నే ఆరాధిస్తున్నారు. శస్త్రచికిత్స చేయించుకుంటే వేగం పెరుగుతుందన్న అపోహ కూడా ప్రచారంలో ఉంది. తిరిగి మైదానానికి రావడానికి సంవత్సరం నుంచి ఏడాదిన్నర పడుతుంది. అందరూ మునుపటి స్థాయికి రారు. కొందరికి రెండవసారి అవసరమవుతుంది.

2024 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ స్వయంగా ఒక నివేదిక విడుదల చేసింది. వేగం కోసం తపన, బంతిని విపరీతంగా తిప్పాలన్న ప్రయత్నం, ప్రతి బంతినీ పూర్తి బలంతో విసరడం అనేవి గాయాలకు ముఖ్యకారణాలని నిపుణులు అందులో తేల్చారు. 2008లో సగటున గంటకు 91.3 మైళ్లున్న ఫాస్ట్‌బాల్ వేగం 2024 నాటికి 94.2కు పెరిగింది. పిచ్చర్లను గాయాల జాబితాలో చేర్చిన సందర్భాలు 2005లో 212 కాగా, 2024లో 485. రోగకారణం తెలిసింది. మందు మాత్రం ఎవరూ మ్రింగడం లేదు.

ఒక్కొక్కరి గురించి నా అభిప్రాయం

యమమోతోతో మొదలుపెడతాను. ఐదడుగుల పది అంగుళాల ఈ జపాను యువకుడు నా దృష్టిలో జట్టుకు మూలస్తంభం. 2024 జూన్‌లో అతని భుజపు కండరం దెబ్బతిన్నప్పుడు యాజమాన్యం తొందరపడక దాదాపు మూడు నెలలు కూర్చోబెట్టింది. వారానికొకసారి బంతి వేసే జపాను పద్ధతికి దగ్గరగా అతని విశ్రాంతిని అమర్చింది. ఫలితం 2025లో కనబడింది: సీజన్‌లో 30 మ్యాచ్‌లు ఆరంభించాడు, తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున ఇచ్చిన పరుగులు 2.49 మాత్రమే. బరువులెత్తడం కంటె శరీరపు సమతౌల్యానికి, శ్వాసకు, ఈటె విసిరే తరహా కసరత్తుకు ప్రాధాన్యమిచ్చే అతని సాధన కూడా గమనింపదగినది.

అయితే చివరి రెండు రోజులలో జరిగినదానితో నేను ఏకీభవించను. అక్టోబరు 31న ఆరవ మ్యాచ్‌లో అతడు 96 బంతులు వేశాడు. మరునాడు ఏడవ మ్యాచ్ తొమ్మిదవ ఇన్నింగ్సులో మళ్లీ అతనినే దింపారు. మరి 34 బంతులు వేసి, పదకొండు ఇన్నింగ్సులు సాగిన ఆటను గెలిపించాడు. ఆ రాత్రి లాస్ ఏంజెలెస్‌లో సంతోషించనివారు లేరు, నేను కూడా సంతోషించాను. కాని అక్టోబరు పోటీలతో కలిపి ఆ ఏడాది అతడు 211 ఇన్నింగ్సులు వేశాడు. 27 ఏళ్ల వయోజనుడు, తన ఇష్టంతో, సంవత్సరంలోని ఆఖరి మ్యాచ్‌లో, ముందు నెలల విశ్రాంతి ఉందని తెలిసి చేసిన పని కనుక దానిని అపచారమనను. అది ఆనవాయితీ కారాదంటాను. 2026 మార్చిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ పోటీలున్నాయి. అక్కడ అతని భారాన్ని తగ్గించమని జట్టు గట్టిగా కోరాలి. ఈ శీతకాలంలో డాడ్జర్స్ చేయవలసిన అన్నిటికంటె ముఖ్యమైన పని, కొత్త ఆటగాణ్ణి కొనడం కాదు, ఈ ఒక్క చేతికి విశ్రాంతి సంపాదించడం.

తరువాత ఓతాని. 55 హోమ్ రన్లు కొట్టినవాడు పిచ్చర్ కూడా కావడం ఈ ఆటలో చాలా అరుదు. రెండు విద్యలూ ఉన్నందున అతడు 13 మంది పిచ్చర్ల పరిమితిలోకి రాడు. అంటే జట్టుకు ఒక స్థానం ఉచితంగా దొరికినట్లే. అక్టోబరు 17న మిల్వాకీ బ్రూవర్స్‌పై ఆరు ఇన్నింగ్సులు పరుగు ఇవ్వకుండా వేసి, పదిమందిని స్ట్రైక్‌అవుట్ చేసి, అదే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టాడు. అటువంటివాణ్ణి బంతి మాన్పించాలని కొందరు అభిమానులంటున్నారు. నేను అలా అనను. కాని 2018లోను, 2023లోను మోచేతికి రెండుసార్లు శస్త్రచికిత్స జరిగిన మనిషిని, పద్దెనిమిది ఇన్నింగ్సుల సుదీర్ఘమైన ఆట ఆడిన మరునాడే పిచ్చర్‌గా దింపి, ఆపైన మూడు రోజుల విశ్రాంతితోనే ఏడవ మ్యాచ్ ఆరంభింపజేశారు. మూడవ ఇన్నింగ్సులో బో బిషెట్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. అలసిన చేతి నుంచి బంతి అనుకున్న చోట పడదు. వచ్చే ఏడాది ఓతాని వారానికి ఒక్కసారే బంతి వేయాలి, అదీ తొంభై బంతులకు లోపు.

స్నెల్, గ్లాస్‌నౌల విషయంలో అభిమానులు అన్యాయంగా మాట్లాడుతున్నారు, యాజమాన్యం అమాయకంగా లెక్కలు వేస్తోంది. స్నెల్ తన వృత్తిజీవితంలో 130 ఇన్నింగ్సులు దాటినది రెండే ఏళ్లు, 2018, 2023. రెండుసార్లూ ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ బహుమతి పొందాడు. గ్లాస్‌నౌ ఒక ఏడాదిలో వేసిన అత్యధికం 134 ఇన్నింగ్సులు. ఇవి అందరికీ తెలిసిన అంకెలు. వాటిని తెలిసే ఒకరికి ఐదేళ్లకు 18.2 కోట్ల డాలర్లు, మరొకరికి ఐదేళ్లకు 13.65 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. కనుక వారు గాయపడినప్పుడు ఆశ్చర్యం నటించడం తగదు. ఒక్కొక్కరికి 110 ఇన్నింగ్సులని ముందే నిర్ణయించి, వాటిలో అధికభాగాన్ని ఆగస్టు తరువాతకు దాచడం మంచిది. బ్రూవర్స్‌పై మొదటి మ్యాచ్‌లో స్నెల్ ఎనిమిది ఇన్నింగ్సులు పరుగు ఇవ్వకుండా వేయగలిగాడంటే, అందులో వేసవి విశ్రాంతికి కూడా వాటా ఉందని నా నమ్మకం. మిగిలిన భారానికి ఆరుగురు స్టార్టర్ల పద్ధతిని శాశ్వతం చేయాలి. మోచేతి చికిత్స తరువాత 2025 జూన్‌లో తిరిగి వచ్చి నిలకడగా ఆడిన ఎమ్మెట్ షీహన్‌కు అందులో స్థిరమైన స్థానం ఇవ్వాలి.

రిలీవర్లు ఈ జట్టు బలహీనత. సెప్టెంబరు 6న బాల్టిమోర్‌లో యమమోతో ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆడుతూ, చివరి వికెట్ వంటి ఒకే ఒక్క అవుట్ మిగిలి ఉండగా హోమ్ రన్ ఇచ్చాడు. అప్పటికీ జట్టు రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది. తరువాత వచ్చిన రిలీవర్లు ఆ ఆటనే పోగొట్టారు. ఆ ఏడాది నాలుగేళ్ల ఒప్పందంతో వచ్చిన టానర్ స్కాట్ పదిసార్లు ఆధిక్యాన్ని జారవిడిచాడు. మైదానంలో సొంత అభిమానులే అతనిని గేలిచేశారు. అయితే 2023లో 74, 2024లో 72 మ్యాచ్‌లలో బంతి వేసిన చేయి అది. జూలైలో మోచేతి వాపుతో కొన్ని వారాలు ఆగవలసి వచ్చింది. అక్టోబరులో ఒక చీముగడ్డను కోసి తొలగించవలసి వచ్చింది. ఇన్ని తెలిసిన తరువాత అతనికి మనోధైర్యం లేదని తీర్మానించడం సులభం, కాని శాస్త్రీయం కాదు. స్కాట్‌ను వదులుకోవద్దు, ఏడాదికి 50 మ్యాచ్‌లకు మించి వాడవద్దు.

బ్యాట్ పట్టినవారి సంగతి

మూకీ బెట్స్ 2025లో 0.258 సగటుతో కొట్టాడు. అతని స్థాయికి అది తక్కువే. ముసలితనం వచ్చిందని పలువురు నిర్ణయించేశారు. కాని సీజన్ ఆరంభానికి ముందు మార్చిలో అతనికి కడుపు జబ్బు సోకి, ఆహారం నిలువక, ఎనిమిది కిలోల వరకు బరువు తగ్గాడు. టోక్యోలో జరిగిన ఆరంభపు మ్యాచ్‌లు ఆడకుండానే వెనుదిరిగాడు. తగ్గిన బరువులో కొవ్వు మాత్రమే కాదు, కండ కూడా పోతుంది. జ్వరం విడిచిన రోజునే రోగి కోలుకున్నాడనుకోవడం మన ఇళ్లలో కూడా జరిగే పొరపాటు. అతడు ఆ ఏడాది పూర్తికాలపు షార్ట్‌స్టాప్‌గా కొత్త బాధ్యత కూడా మోశాడు. అతనిని ఒక్క ఏడాది అంకెలతో తూకం వేయడం సరికాదు.

యువకుడు ఆండీ పహేస్ సాధారణ సీజన్‌లో 27 హోమ్ రన్లు కొట్టి, అక్టోబరు పోటీలలో 51 పర్యాయాలకు నాలుగే హిట్లు సాధించాడు. అతనిని తప్పించాలని నేను కూడా కోరుకున్నవాడినే. శిక్షకుడు చివరి మ్యాచ్‌లకు తప్పించాడు కూడా. అయినా ఏడవ మ్యాచ్ తొమ్మిదవ ఇన్నింగ్సులో ఫీల్డింగ్ కోసం దింపినప్పుడు, మూడు బేస్‌లూ నిండి ఉండగా, సహచరుని ఢీకొని మరీ అతడు పట్టిన క్యాచ్ వల్లనే ఆట నిలిచింది. కొట్టలేని రోజున కూడా కాళ్లతో, కళ్లతో జట్టుకు పనికిరావచ్చని అతడు చూపాడు. వచ్చే ఏడాది మధ్య మైదానం అతనిదే కావాలి.

నాకు అసలు ఆందోళన కలిగించేది బ్యాటర్ల వయస్సు. ఫ్రెడ్డీ ఫ్రీమన్‌కు 36, బెట్స్‌కు 33. 2024లో చీలమండ బెణికి, నడవడమే కష్టమైన స్థితిలో ఫ్రీమన్ ప్రపంచ పోటీల ఉత్తమ ఆటగాడయ్యాడు. అది ధైర్యం. దానినే ఏటేటా ఆశించడం ప్రణాళిక కాదు. వారానికొక రోజు ఈ పెద్దలను కూర్చోబెట్టడానికి తగిన యువకులు జట్టుకు కావాలి.

ఆపగలిగిన పెద్దలు

ఇక రోకి ససాకి. అతని గురించి విడిగా చెప్పడానికి కారణముంది. 2019 జూలైలో జపానులోని ఇవాతే ప్రాంతంలో, ఒఫునాతో ఉన్నత పాఠశాల జట్టు 35 ఏళ్ల తరువాత జాతీయ పోటీలకు వెళ్లే అవకాశానికి ఒక్క మ్యాచ్ దూరంలో ఉంది. పదిహేడేళ్ల ససాకి గంటకు 163 కిలోమీటర్ల వేగంతో విసరగల బాలుడు. సెమీ ఫైనల్‌లో 129 బంతులు వేశాడు. మరునాడే ఫైనల్. శిక్షకుడు అతనిని ఆడించలేదు. చేయి దెబ్బతినవచ్చునన్నది ఒక్కటే కారణం. జట్టు 12-2తో ఓడింది. పాఠశాలకు ఫోన్ల మీద ఫోన్లు చేసి జనం దూషించారు.

ఆ బాలుడు చిబా లొట్టె మెరైన్స్ జట్టులో చేరాడు. మొదటి ఏడాది అతని చేత ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడించలేదు. 2022 ఏప్రిల్ 10న, ఇరవయ్యవ ఏట, ఒక్క బ్యాటరును కూడా బేస్ చేరనివ్వకుండా 19 మందిని స్ట్రైక్‌అవుట్ చేశాడు. వారం తరువాత మళ్లీ ఎనిమిది ఇన్నింగ్సులు అలాగే ఆడుతుండగా, 102 బంతులు పూర్తయ్యాయని శిక్షకుడు తప్పించాడు. చరిత్ర చేజారిందని పలువురు బాధపడ్డారు. చేయి మాత్రం మిగిలింది.

2025 మే నెలలో డాడ్జర్స్ తరఫున ఆడుతూ అతని భుజంలో నొప్పి మొదలైంది. నాలుగు నెలలకు పైగా కూర్చోబెట్టి, సెప్టెంబరు చివర రిలీవరుగా తిరిగి తెచ్చారు. అక్టోబరులో సుమారు పది ఇన్నింగ్సులలో ఒక్క పరుగే ఇచ్చాడు. అతనిని రిలీవరుగానే ఉంచాలన్నవారితో నేను విభేదిస్తాను. స్టార్టరుగానే పెంచాలి, నూరు ఇన్నింగ్సుల హద్దుతో. ఇంతమంది ఓర్పుతో కాపాడిన చేతిని ఇప్పుడు అవసరానికి ఖర్చుచేయడం భావ్యం కాదు.

మనలాంటివారి బాధ్యత

గాయపడిన ఆటగాడిని గాజుబొమ్మ అని వెక్కిరించడం అభిమానులకు అలవాటయింది. సంధిబంధనం తెగడం శీలలోపం కాదు. నొప్పిని దాచి ఆడినవాడిని వీరుడని, చెప్పినవాడిని పిరికివాడని అంటూ ఉంటే, పసివారు ఏమి నేర్చుకుంటారు? నొప్పి చెప్పుకోకూడదని నేర్చుకుంటారు. నా దృష్టిలో ఇది శస్త్రచికిత్సల సంఖ్య కంటె పెద్ద ప్రమాదం.

అమెరికాలోని మన తెలుగు కుటుంబాలలో లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆడే పిల్లలు ఉన్నారు. వారి తల్లిదండ్రులకు, ఇక్కడ ఉండి ఫోనులో ఆ వార్తలు వినే తాతయ్యలకు, అమ్మమ్మలకు ఈ నాలుగు సంగతులు చెప్పదలచాను.

మేజర్ లీగ్, యు.ఎస్.ఏ. బేస్‌బాల్ సంస్థలు కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాలను వెలువరించాయి. వాటి ప్రకారం 9, 10 ఏళ్ల పిల్లలు రోజుకు 75, 11, 12 ఏళ్లవారు 85, 13, 14 ఏళ్లవారు 95 బంతులకు మించి వేయరాదు. పదునాలుగేళ్లలోపు పిల్లలు 66 లేదా అంతకు మించి బంతులు వేస్తే తరువాత నాలుగు రోజులు పూర్తి విశ్రాంతి అవసరం. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడం మానాలి. రెండు జట్లలో ఆడే పిల్లవాడికి ఈ లెక్కను ఏ శిక్షకుడూ పూర్తిగా వేయలేడు. ఆ పని తల్లిదండ్రులదే. ఒక చిన్న నోటుపుస్తకం చాలు.

మోచేతి లోపలి వైపు నొప్పి, చేయి పూర్తిగా చాచలేకపోవడం, చిటికెనవ్రేలిలో తిమ్మిరి, అకస్మాత్తుగా వేగం గాని గురి గాని తగ్గడం: వీటిలో ఏది కనబడినా బంతి ప్రక్కన పెట్టి వైద్యుని సంప్రదించండి. ఎదిగే పిల్లల ఎముకల చివరలలో ఇంకా గట్టిపడని మృదులాస్థి ఉంటుంది. పెద్దలలో బంధనం తెగే చోట వారికి ఆ భాగమే దెబ్బతింటుంది. నొప్పి మాత్ర వేసి ఆడించడం ఎట్టి పరిస్థితిలోను తగదు. ఏడాదిలో కొన్ని నెలలు ఈత, పరుగు, ఫుట్‌బాల్ వంటి వేరే ఆటలు ఆడనివ్వండి.

మార్చి చివర కొత్త సీజన్ ఆరంభమవుతుంది. డాడ్జర్స్ మూడవసారి కూడా గెలవాలని నా కోరిక. ఏప్రిల్‌లో ఒక మామూలు మ్యాచ్‌లో యమమోతో చక్కగా ఆడుతుండగా, ఎనభై బంతులకే అతనిని తప్పించినప్పుడు స్టేడియంలో గేలి వినిపించవచ్చు. ఆ రోజు మీరు కూడా ఆట చూస్తుంటే, దయచేసి చప్పట్లు కొట్టండి.

మీ ఇంట ఆడే పిల్లలు ఉంటే, వారి చేయి ఎలా ఉందో ఈ రాత్రే ఒకసారి అడగండి. ఆరోగ్యమస్తు.